పారే నీటి పిట్టలు

(హైదరాబాదులో పక్షి పరిశీలకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

హైదరాబాదులో ఉండేవాళ్ళకు నీటి పక్షి అనగానే చెరువే మనసులో మెదులుతుంది. కాకతీయుల కాలం నుంచీ ఈ దక్కను పీఠభూమి మీద మనిషి వాననీటికి కట్ట వేసి నిలుపుకుంటూ వచ్చాడు కాబట్టి, మన పక్షి పరిశీలన కూడా నిలిచిన నీటి చుట్టూనే అల్లుకుంది. అమీన్‌పూర్ చెరువు దగ్గరికి వెళ్ళినా, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఒడ్డున నిలబడినా మన కళ్ళు వెతికేవి బాతులను, కొంగలను, నీటికోళ్ళనే. 1987లో మొదలైన ఆసియా నీటి పక్షుల గణనలో భాగంగా ప్రతి జనవరిలోనూ మనం లెక్కపెట్టేది ముఖ్యంగా వీటినే. అది ఎంతో విలువైన పని. అయితే నీటినే నమ్ముకొని బతుకుతూ, ఆ లెక్కలోకి దాదాపుగా రాని పక్షులు మరికొన్ని ఉన్నాయి. అవి కొండ అడవుల్లో బండరాళ్ళ మధ్య వడిగా దూకే సెలయేళ్ళ వెంట పురుగులను ఏరుకు తినే చిన్న పిట్టలు.

ఈ సాయంత్రం వాటి గురించి మాట్లాడాలని వచ్చాను. నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ముందే చెబుతాను. ఈ పిట్టలకు నీరు ఉంటే చాలదు. ఆ నీరు వడిగా పారాలి, ఒడ్డున చెట్లు ఉండాలి. ఈ రెండింటిలో ఏది పోయినా, కంటికి నిండుగా నీళ్ళు కనబడుతున్న చోట కూడా ఇవి బతకలేవు. ఈ మాట ఎందుకు అంటున్నానో వివరించడానికే మిగతా సమయమంతా తీసుకుంటాను.

ప్రపంచంలో ఇటువంటి పక్షులు అత్యధికంగా ఉన్న చోటు మన హిమాలయాలే. కాశ్మీరు నుంచి అరుణాచల్ దాకా ఏ లోయలో ఏ ఏటి వెంట నడిచినా మూడు నాలుగు జాతులైనా కనబడతాయి. వీటిలో ముఖ్యమైన వాటిని ముందుగా పరిచయం చేస్తాను. ఫోర్క్‌టెయిల్ అనే ప్రజాతిలోని పిట్టలు నలుపు తెలుపు రంగుల్లో, చాలా వరకు పొడవైన కత్తెర తోకతో ఉంటాయి. వీటిలో మచ్చల ఫోర్క్‌టెయిల్ తోకతో కలిపి 25 సెంటీమీటర్లకు పైగా ఉంటే, దాని బంధువైన చిన్న ఫోర్క్‌టెయిల్ 12, 13 సెంటీమీటర్లకు మించదు, తోక కూడా పొట్టిదే. ప్లంబియస్ వాటర్ రెడ్‌స్టార్ట్ మన పిచ్చుక పరిమాణంలో ఉంటుంది. మగది పలక నీలం ఒంటితో, ఇటుక ఎరుపు తోకతో ఉంటే, ఆడది బూడిద రంగులో, పొట్ట మీద తెల్లని చుక్కలతో, తోక మొదట్లో తెలుపుతో వేరే జాతి పక్షేమో అనిపిస్తుంది. తెల్లతల రెడ్‌స్టార్ట్‌లో ఆడ మగ తేడా తెలియదు. నల్లని ఒళ్ళు, నెత్తిన తెల్లని టోపీ, తుప్పు ఎరుపు పొట్ట. ఇక గోధుమ రంగు డిప్పర్, అది నీటిలోకి మునిగి అడుగున తిరిగే పిట్ట. వీటికంటే పెద్దదైన నీలి విజిలింగ్ థ్రష్ కూడా ఇదే ఏటి నివాసి. వీటికి తోడు బూడిద రంగు కాటుకపిట్ట.

వీటిలో చాలా వాటికి శాస్త్రీయ నామాలు 1831, 1832 సంవత్సరాల్లో లండనులో పడ్డాయి. హిమాలయాల నుంచి పంపిన పక్షి చర్మాల సేకరణను చూసి నికొలస్ విగర్స్ అనే జంతు శాస్త్రవేత్త మచ్చల ఫోర్క్‌టెయిల్‌ను, చిన్న ఫోర్క్‌టెయిల్‌ను, రెండు రెడ్‌స్టార్ట్‌లను వర్ణించాడు. మన ద్వీపకల్పంలోని మలబారు విజిలింగ్ థ్రష్‌కు పేరు పెట్టినవాడూ ఆయనే. ఎండబెట్టిన చర్మం మీద ఈకల రంగు, ముక్కు పొడవు, తోక ఆకారం కొలవవచ్చు గాని ఆ పక్షి ఏ రాయి మీద నిలబడిందో, నీరు ఎంత వడిగా పారుతున్నదో తెలియదు. ఆ తరువాత దాదాపు నూటయాభై ఏళ్ళ పాటు ఈ పిట్టల గురించి రాసిన దానిలో ఎక్కువ భాగం వాటి రూపం, గూడు, గుడ్ల వర్ణనే. అవి నిలబడిన ఏటిని కూడా పక్షితో పాటు చదవాలన్న పట్టుదల ఆలస్యంగా వచ్చింది. అందుకే నేను కూడా పక్షిని కాసేపు పక్కన పెట్టి, నీటి అడుగు నుంచి మొదలుపెడతాను.

చల్లని నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టగలిగితే, 25 డిగ్రీల దగ్గర అది 8.3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. పైగా రాళ్ళకు కొట్టుకొని నురగలు కక్కే నీరు గాలిని నిరంతరం తనలో కలుపుకుంటూనే ఉంటుంది. అందువల్ల కొండ సెలయేటి అడుగున ఉండే రాళ్ళ మీద, రాళ్ళ సందుల్లో, ఆక్సిజన్ పుష్కలంగా కావలసిన పురుగులు కిక్కిరిసి ఉంటాయి. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనే మూడు వర్గాల లార్వాలు వీటిలో ముఖ్యమైనవి. నల్ల ఈగల లార్వాలు, రకరకాల చిన్న దోమల లార్వాలు కూడా వేలల్లో ఉంటాయి.

ఆ వడిలో కొట్టుకుపోకుండా ఇవి నిలబడే తీరు తెలుసుకోదగినది. కొన్ని మేఫ్లై లార్వాల ఒళ్ళు అట్టముక్కంత పలచగా ఉండి, రాతి ఉపరితలానికి ఆనుకొని నీరు నెమ్మదించే సన్నని పొరలోనే ఇమిడిపోతుంది. నల్ల ఈగ లార్వా రాతి మీద పట్టుదారపు మెత్త వేసి, తన వెనక భాగంలో ఉన్న కొక్కేలను ఆ మెత్తలోకి గుచ్చుకొని, తలను ప్రవాహంలోకి వాల్చి కొట్టుకొచ్చే ఆహారాన్ని వడగట్టుకుంటుంది. మరో రకం ఈగ లార్వాకు పొట్ట కింద వరసగా ఆరు పీల్చే బిళ్ళలు ఉంటాయి. వాటితో జలపాతం కింద నున్నటి బండ మీద కూడా అది పాకగలదు. కొన్ని కాడిస్‌ఫ్లై లార్వాలు రెండు రాళ్ళ మధ్య పట్టుదారంతో వల అల్లి, గోదావరి పాయలో మాటు వల కట్టిన జాలరి లాగా కూర్చుంటాయి. ఈ ఏర్పాట్లన్నీ పారే నీటి కోసమే. నీరు ఆగితే వలలోకి ఏదీ రాదు, ఆక్సిజన్ తగ్గుతుంది, బురద పేరుకొని రాళ్ళ సందులు మూసుకుపోతాయి. అప్పుడు ఈ పురుగుల స్థానంలో బురదను ఇష్టపడే వేరే పురుగులు వస్తాయి. ఆ పురుగులను తినే పక్షులూ వేరే.

లార్వాగా నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా నీటిలో గడిపిన తరువాత ఇవి రెక్కలు తొడుక్కొని బయటికి వస్తాయి. పెరిగిన మేఫ్లై ఏమీ తినదు. జత కూడి గుడ్లు పెట్టి కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో చనిపోతుంది. అంటే ఏటి అడుగున పోగైన ఆహారం ఎగిరే రూపంలో గాలిలోకి లేస్తుంది. ఈ పిట్టల జీవితమంతా ఆ అడుగుకూ, ఆ గాలికీ మధ్య ఉన్న కొద్ది మీటర్లలోనే గడుస్తుంది.

ఒకే ఏటి మీద ఇన్ని జాతులు ఒకదానితో ఒకటి ఎలా సర్దుకుంటాయి అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఓపికగా చూస్తే అవి ఏటిని పంచుకున్న తీరు తెలుస్తుంది. డిప్పర్ వాటా నీటి అడుగు. అది తడి రాతి మీద నుంచి నేరుగా ప్రవాహంలోకి దిగి, రెక్కలతో నీటిని తోస్తూ, గోళ్ళతో రాళ్ళను పట్టుకుంటూ, అడుగున ఉన్న లార్వాలను ఏరుకొని, మునిగిన చోటికి కొంచెం ఎగువనో దిగువనో తేలుతుంది. ఈత పక్షులకు ఉండే పొర కాళ్ళు దీనికి లేవు. బదులుగా ఒత్తైన ఈకలు, ఆ ఈకలు తడవకుండా రాసుకోవడానికి పెద్ద నూనె గ్రంథి, నీటిలో ముక్కు రంధ్రాలను మూసే పలచని మూత ఉన్నాయి. పాడే పిట్టల వర్గంలో ఇంతగా నీటిలోకి దిగినవి డిప్పర్లు తప్ప వేరే లేవు. నాకు పక్షి ప్రపంచంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇదేనని సంకోచం లేకుండా చెబుతాను. గద్దల వేగాన్ని, వలస పక్షుల దూరాన్ని చూసి ముక్కున వేలేసుకుంటాం; ఒక చిన్న పిట్ట గడ్డకట్టే చలిలో, మనిషి కాళ్ళు నిలబడని ప్రవాహంలోకి దిగి, భోజనం ముగించుకొని పైకి రావడం వాటికి ఏమాత్రం తీసిపోదు.

చిన్న ఫోర్క్‌టెయిల్ వాటా జలపాతాల అంచు. నీటి తుంపర ఎప్పుడూ పడుతూ, నాచు పట్టి, పైన పలచగా నీరు జారే బండల మీద అది చకచకా తిరుగుతూ లార్వాలను ఏరుతుంది. మచ్చల ఫోర్క్‌టెయిల్ బహిరంగంగా ఉండే పెద్ద ఏటి కంటే, అడవిలో చెట్ల కొమ్మలు రెండు వైపుల నుంచి కప్పేసిన ఇరుకు వాగును కోరుకుంటుంది. ఒడ్డు వెంట తడి ఇసుకలో, గులకరాళ్ళ మధ్య, రాలిన ఆకుల కింద వెతుకుతుంది. దూరం నుంచి కొట్టవచ్చినట్టు కనబడే దాని నలుపు తెలుపు రంగులు, ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడే నురగ నీటి పక్కన నిలబడితే ఎదుటే ఉన్నా కళ్ళకు చిక్కవు. ప్లంబియస్ రెడ్‌స్టార్ట్‌కు ఏటి మధ్యన తల ఎత్తి నిలిచిన రాళ్ళు కావాలి. ఆ రాతి మీద నుంచి గాలిలోకి ఎగిరి, అప్పుడే నీటిలోంచి లేచిన పురుగును పట్టుకొని, తిరిగి అదే రాతి మీదికి వస్తుంది. తన హద్దులోకి మరో రెడ్‌స్టార్ట్ వస్తే ఊరుకోదు సరికదా, తనకంటే పెద్దవైన ఫోర్క్‌టెయిళ్ళను కూడా తరిమికొడుతుంది. తెల్లతల రెడ్‌స్టార్ట్ కూడా రాళ్ళ మీదే ఉంటుంది గాని, ఎక్కువగా రాళ్ళ మీదా ఒడ్డు అంచులోనూ ఏరుకు తింటుంది. విజిలింగ్ థ్రష్ అందరికంటే బలమైనది. పురుగులతో పాటు పీతలను, నత్తలను, కప్పలను, అడవి పండ్లను కూడా వదలదు.

ఈ పంపకంలో గమనించవలసింది ఏమిటంటే, ప్రతి వాటా ఏటిలోని ఒక భౌతిక లక్షణానికి కట్టుబడి ఉంది. మధ్యలో రాళ్ళు మునిగిపోతే ప్లంబియస్ రెడ్‌స్టార్ట్‌కు కూర్చునే చోటు పోతుంది. తుంపర ఎండిపోతే చిన్న ఫోర్క్‌టెయిల్ వెళ్ళిపోతుంది. ఒడ్డున చెట్లు నరికి వెలుతురు తెస్తే మచ్చల ఫోర్క్‌టెయిల్ ఉండదు. నీరు మడ్డిగా మారితే అడుగును చూడలేక డిప్పర్ ఆకలితో పోతుంది. కాబట్టి ఏటి వెంట ఒక కిలోమీటరు నడిచి ఏ పిట్ట ఉంది, ఏది లేదు అని రాసుకుంటే, ఆ ఏటి పరిస్థితి చాలావరకు మన నోటుబుక్కులో రాసుకున్నట్టే.

ఋతువులతో పాటు ఈ పిట్టలు కొండల మీద పైకీ కిందికీ జరుగుతూ ఉంటాయి. వేసవిలో రెడ్‌స్టార్ట్‌లు నాలుగు వేల మీటర్ల దాకా ఎక్కి గూళ్ళు పెట్టి, చలికాలంలో కొండల పాదాల దాకా దిగుతాయి. గోధుమ రంగు డిప్పర్ మాత్రం తక్కిన వాటి కంటే ముందే, చలి పూర్తిగా తగ్గకుండానే గూడు మొదలుపెడుతుంది. మంచు కరిగి, ఆ తరువాత వానలు పడి ఏరు బురదతో ఉరకలెత్తే వేళకు పిల్లలు ఎగిరిపోవాలి కాబట్టి ఆ తొందర. నాచుతో గుండ్రంగా కట్టే ఆ గూడు రాతి సందుల్లో, ఒక్కోసారి జలపాతం వెనక, నీటి తెర చాటున ఉంటుంది.

ఇక ఏటి హోరు సంగతి. జలపాతం పక్కన ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే అరవవలసిందే. ఆ హోరులో బలమంతా తక్కువ పౌనఃపున్యాల్లో, అంటే మంద్ర స్వరాల్లో ఉంటుంది. అందుకే ఈ పిట్టల పిలుపులు సన్నగా, పదునుగా, హెచ్చు స్థాయిలో ఉంటాయి. ఫోర్క్‌టెయిల్ అలజడితో ఎగిరేటప్పుడు చేసే కీచు ధ్వని, విజిలింగ్ థ్రష్ ప్రమాద సూచన, రెడ్‌స్టార్ట్ పిలుపు అన్నీ ఆ హోరును చీల్చుకొని వినబడేవే. 1984లో అలైన్ డుబువా, యోహెన్ మార్టెన్స్ అనే ఇద్దరు జంతు శాస్త్రవేత్తలు హిమాలయ సెలయేళ్ళ దగ్గర ఉండే కప్పల కూతలకూ, అక్కడే పాడే పెద్దముక్కు ఆకు వార్బ్లర్ అనే చిన్న పిట్ట పాటకూ పోలికలు ఉన్నాయని ఒక వ్యాసం ప్రచురించారు. కప్పకూ పక్షికీ చుట్టరికం లేదు. ఒకే హోరును దాటి వినిపించవలసిన అవసరం రెండింటి గొంతునూ ఒకే దారిలోకి తెచ్చి ఉంటుందని వారి ఊహ. ఆ వార్బ్లర్ చలికాలం గడపడానికి దక్షిణ భారతానికి వస్తుందన్న సంగతి మీలో చాలామందికి తెలుసు.

గొంతు చాలని చోట ఒళ్ళు మాట్లాడుతుంది. ప్లంబియస్ రెడ్‌స్టార్ట్ ఎర్ర తోకను క్షణం తీరిక లేకుండా విప్పుతూ ముడుస్తూ ఉంటుంది. ఫోర్క్‌టెయిల్ తోకను నెమ్మదిగా ఎత్తి దించుతుంది. కాటుకపిట్ట తోక ఆగడం మనలో ఎవరూ చూడలేదు. డిప్పర్ మోకాళ్ళు వంచి లేస్తూ ఒళ్ళంతా ఊపుతుంది. ఎత్తైన చోట్ల ఉండే తెల్లగొంతు డిప్పర్ అయితే కన్ను మూసినప్పుడల్లా రెప్ప మీది తెల్లని ఈకలు తళుక్కుమంటాయి. హోరులో జతకూ, పోటీదారుకూ తన ఉనికిని చాటడానికి ఈ కదలికలు పనికివస్తాయన్నది పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇప్పుడు చెట్ల సంగతికి వస్తాను. ఏటికీ అడవికీ ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాన్ని అంకెల్లో చూపించిన పరిశోధన జపానులోని హొక్కాయిదో దీవిలో జరిగింది. అక్కడ హొరొనాయి అనే చిన్న ఏటి దగ్గర షిగెరు నకానో, మసాషి మురకామి అనే ఇద్దరు పరిశోధకులు, ఏటి పురుగులు ఒడ్డున ఉన్న పక్షులకు ఎంత తిండి అవుతున్నాయి, అడవి పురుగులు ఏటిలోని చేపలకు ఎంత తిండి అవుతున్నాయి అని ఏడాది పొడవునా కొలిచారు. అక్కడి పక్షులకు ఏడాదిలో కావలసిన శక్తిలో 25.6 శాతం ఏటిలోంచి లేచిన పురుగుల నుంచి వచ్చింది. చేపలకు 44 శాతం చెట్ల మీద నుంచి రాలిపడిన పురుగుల నుంచి వచ్చింది. చెట్లు ఆకులు రాల్చిన కాలంలో అడవిలో పురుగులు దొరకనప్పుడు ఏరు పక్షులను పోషిస్తే, ఆకులు దట్టంగా ఉన్న వేసవిలో అడవి చేపలను పోషిస్తుంది. గమనించండి, ఆ లెక్కలోని పక్షులు ఏటి పక్షులు కావు, మామూలు అడవి పిట్టలు. వాటికే నాలుగో వంతు ఏటి నుంచి అందుతూ ఉంటే, ఏటినే నమ్ముకున్న ఫోర్క్‌టెయిల్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నకానో బృందమే అంతకు ముందు చేసిన మరో ప్రయోగం ఇంకా స్పష్టమైనది. ఏటిలో కొంత మేర పైన తెర కప్పి, చెట్ల నుంచి పురుగులు నీటిలో పడకుండా ఆపారు. చేపలు ఆకలితో అడుగున ఉన్న లార్వాల మీద పడ్డాయి. లార్వాలు తగ్గాయి, అవి తినే నాచు రాళ్ళ మీద పెరిగిపోయింది. ఈ ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఒడ్డున చెట్లు కొట్టేస్తే ఏటి అడుగున ఏం జరుగుతుందో ఆ తెర చూపించింది. నకానో 2000 మార్చిలో మెక్సికో తీరంలో పడవ ప్రమాదంలో మరణించారు. నేను మొదట చెప్పిన లెక్కల వ్యాసం ఆయన పోయిన తరువాత, 2001లో అచ్చయింది. ఏటి ఒడ్డున చెట్లను గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరు తలచుకోవడం మన బాధ్యత అనుకుంటాను.

ఇంత విన్నాక, మన ప్రాంతంలో ఈ పిట్టలు ఎందుకు లేవు అని మీరు అడగవచ్చు. తెలంగాణ వాగులకు మంచు కరిగిన నీరు లేదు. వానాకాలంలో ఉరికి, చలికాలంలో సన్నబడి, మార్చి, ఏప్రిల్ నెలల్లో చాలా వాగులు మడుగులుగా మిగిలిపోతాయి. ఏడాది పొడవునా పారే చల్లని నీరు లేని చోట డిప్పర్‌కు గాని ఫోర్క్‌టెయిల్‌కు గాని జీవనం సాగదు. అయినా ఈ కుటుంబం మనకు పూర్తిగా దూరం కాలేదు. మలబారు విజిలింగ్ థ్రష్ పశ్చిమ కనుమల్లోనే కాక, మధ్య భారతపు కొండల్లోనూ, తూర్పు కనుమల్లో కొన్ని చోట్లా ఉంది. నీలి నలుపు ఒంటి మీద నుదుటా భుజాల మీదా మెరిసే నీలం మచ్చలు, తెల్లవారకముందే మనిషి తీరుబడిగా ఈల వేస్తున్నాడేమో అనిపించే పాట దాని గుర్తులు. అది వానాకాలంలో, వాగులు పొంగే రోజుల్లో, నీటి పక్కన బండ అరుగుల మీద గూడు పెడుతుంది. విశాఖ మన్యంలో గెడ్డల వెంట తిరిగేవాళ్ళు ఆ ఈల కోసం చెవి ఒగ్గాలి.

మధ్య ఉన్న మైదానాల్లో లేకుండా, హిమాలయాల్లోనూ ఇక్కడి కొండల్లోనూ చుట్టాలైన జీవులు ఎలా వచ్చాయన్న ప్రశ్న మన దేశంలో పాతదే. కొండ సెలయేళ్ళలో రాళ్ళకు అతుక్కొని బతికే చేపలను జీవితమంతా చదివిన సుందర్ లాల్ హోరా, ఒకప్పుడు సాత్పుర కొండల వరస వాటికి దారి అయి ఉంటుందని ప్రతిపాదించారు. 1949లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అదే ఆలోచనను పక్షులకు అన్వయించి చూశారు. ఆ ప్రతిపాదన మీద తరువాత చాలా వాదాలు జరిగాయి. కానీ సెలయేటి జీవుల ద్వారానే ఈ ప్రశ్న ముందుకు రావడం నాకు ముఖ్యంగా తోస్తుంది. వడిగా పారే నీటికి కట్టుబడిన జీవి మైదానాన్ని సులభంగా దాటలేదు, కాబట్టి అది ఉన్న ప్రతి చోటూ ఒక పాత దారిని సూచిస్తుంది. సలీం అలీకి మన ఊరితో ఉన్న సంబంధం మీకు తెలిసిందే. నిజాం ప్రభుత్వ సహాయంతో 1931, 1932 సంవత్సరాల్లో ఆయన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. దానికి కొద్ది ముందే వెర్నే పేరిట జరిగిన మరో శాస్త్రీయ సర్వే తూర్పు కనుమలను చూసింది. ఇప్పటి మన జాబితాలను పోల్చి చూసుకోవడానికి ఆ రెండు సర్వేలూ ఉండటం మన అదృష్టం.

హైదరాబాదు వాళ్ళకు బాగా అందుబాటులో ఉన్నది బూడిద రంగు కాటుకపిట్ట. హిమాలయాల్లోనూ ఉత్తర ఆసియాలోనూ కొండ ఏళ్ళ ఒడ్డున పిల్లలను పెంచి, వానలు వెనకబట్టే రోజుల్లో మన వైపు దిగి, వేసవి ముదిరేలోపు తిరిగి వెళుతుంది. తెల్ల కాటుకపిట్టను, పసుపు కాటుకపిట్టను చెరువు గట్టు మీదా పచ్చిక మీదా వెతుకుతాం. దీన్ని మాత్రం రాళ్ళ మధ్య నీరు కదిలే చోటే వెతకాలి. మూసీ పుట్టిన వికారాబాద్ అనంతగిరి కొండల వంటి చోట, నీడ ఉన్న వాగులో దీని పొడవాటి తోకను చూస్తే, మనం ఇంతసేపూ మాట్లాడుకున్న హిమాలయ ఏళ్ళ జీవితం శీతాకాలానికి మన వాగులోకి వచ్చిందన్నమాట.

ఈ పిట్టలకు వచ్చిన ఆపదలను గురించి చెప్పక తప్పదు. ముందు బయటి దేశపు ఉదాహరణ. బ్రిటన్‌లోని వేల్స్ కొండ ఏళ్ళలో 1980లలో స్టీవ్ ఆర్మరాడ్, ఆయన సహచరులు తెల్లగొంతు డిప్పర్లను పరిశీలించారు. ఆమ్ల వర్షాల వల్ల, ఒడ్డున పెంచిన శంఖాకార వృక్షాల తోటల వల్ల నీటిలో ఆమ్లం పెరిగిన సెలయేళ్ళలో మేఫ్లై, కాడిస్‌ఫ్లై లార్వాలు తగ్గాయి, డిప్పర్లు అరుదయ్యాయి, ఉన్నవి ఆలస్యంగా గుడ్లు పెట్టాయి, ఆ గుడ్ల పెంకులు పలచబడ్డాయి. చూసేవారికి ఆ సెలయేళ్ళు స్వచ్ఛంగా, అద్దంలా మెరుస్తూనే కనబడ్డాయి. లోపం నీటి రంగులో తెలియలేదు, పక్షి లేకపోవడంలో తెలిసింది. ఒడ్డున చెట్లుంటే చాలు, ఏ చెట్లయినా ఒకటే అనుకునే వాళ్ళకు కూడా ఇందులో జవాబు ఉంది.

మన హిమాలయాల్లో సమస్య ఇంకా మొరటుగా ఉంది: ఏటిలోంచి నీటినే తీసేస్తున్నాం. పెద్ద జలాశయం సంగతి అందరికీ తెలుసు. భాగీరథి మీద 260.5 మీటర్ల ఎత్తున తెహ్రీ ఆనకట్ట కట్టిన తరువాత దాని వెనక ఉన్న లోయ అంతా నిలిచిన నీరు అయింది. అక్కడ బాతులు దిగవచ్చు, రెడ్‌స్టార్ట్ కూర్చునే రాయి మాత్రం నీటి అడుగున ఉంది. కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టేవి పైకి నిరపాయంగా కనబడే పథకాలు. వీటిలో పెద్ద జలాశయం ఉండదు. చిన్న అడ్డుకట్ట దగ్గర నీటిని సొరంగంలోకి మళ్ళించి, కొన్ని కిలోమీటర్ల దిగువన విద్యుత్ కేంద్రం దగ్గర తిరిగి ఏటిలోకి వదులుతారు. ఉత్తరకాశి ఎగువన మనేరి దగ్గర మళ్ళించిన భాగీరథి నీరు ఇలాగే తిలోత్ దగ్గర బయటికి వస్తుంది. ఆ రెండు చోట్ల మధ్య పాత ఏటి దారిలో నీరు తగ్గే కాలంలో రాళ్ళే ఎక్కువ. దిగువన మరో ఇబ్బంది: విద్యుత్ అవసరం పెరిగిన గంటల్లో నీటిని ఒక్కసారిగా వదిలి, తగ్గగానే ఆపుతారు. ఉదయం పొడిగా ఉన్న రాయి మధ్యాహ్నానికి మునుగుతుంది. ఒడ్డు రాళ్ళ మీద పెట్టిన గుడ్లు, పాకే లార్వాలు ఈ ఆటుపోటులకు తట్టుకోలేవు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. 2012లో గోముఖ్ నుంచి ఉత్తరకాశి దాకా సుమారు 100 కిలోమీటర్ల భాగీరథి తీరాన్ని పర్యావరణ సున్నిత మండలంగా ప్రకటించారు. 2018 అక్టోబరులో గంగా నదికి కనీస ప్రవాహాన్ని నిర్ణయిస్తూ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఎగువ గంగలో నెలవారీ సగటు ప్రవాహంలో నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 శాతం వదలాలి. ఒక అంకె అంటూ ఉండటం మంచిదే. అయితే అది నీటి పరిమాణానికి సంబంధించిన అంకె. చిన్న ఫోర్క్‌టెయిల్‌కు కావలసింది బండ మీద జారే పలచని నీరు. నల్ల ఈగ లార్వాకు కావలసింది ఒక స్థాయికి తగ్గని వడి. ప్లంబియస్ రెడ్‌స్టార్ట్‌కు కావలసింది చుట్టూ నీరు పారుతూ తల మాత్రం పొడిగా ఉన్న రాయి. ఇరవై శాతం నీరు వెడల్పైన ఏటి పడకలో ఏ రాళ్ళను తడుపుతుందో, ఏ రాళ్ళను వదిలేస్తుందో శాతం చెప్పదు. ఏటి వెంట నడిచి చూసినవాడు చెప్పగలడు. ఆ ఉత్తర్వులను సమీక్షించే ప్రతిసారీ ఇంజనీరు పక్కన ఏటి పక్షులను లెక్కించిన మనిషి ఒకరు కూర్చోవాలని నేను కోరుతున్నాను.

ఇక మనం చేయగలిగిన పని. వేసవి సెలవుల్లో హైదరాబాదు నుంచి ఎందరో ఉత్తరాఖండ్‌కు, హిమాచల్‌కు, సిక్కింకు వెళుతున్నారు. తీర్థయాత్రకు వెళ్ళినవారైనా సరే, ఒక ఉదయం ఏటి వెంట ఒక కిలోమీటరు నెమ్మదిగా నడవండి. బైనాక్యులర్లు ఉంటే మంచిది, లేకపోయినా ఫరవాలేదు. కనబడిన ప్రతి జాతిని, ఎన్ని ఉన్నాయో, ఆడా మగా తెలిస్తే ఆ వివరం, కూర్చున్న చోటు ఏటి మధ్య రాయా, ఒడ్డా, జలపాతమా అన్నది రాయండి. ఏటి వెడల్పు, ఒడ్డున చెట్ల నీడ ఎంత, నీరు తేటగా ఉందా మడ్డిగా ఉందా, ఎగువన అడ్డుకట్ట గాని ఇసుక, రాళ్ళ తవ్వకం గాని ఉందా అన్నవి కూడా ఆ పక్కనే రాయండి. గూడు కనబడితే దగ్గరికి వెళ్ళవద్దు, ఫోటో కోసం అసలే వద్దు.

ఇంటి దగ్గర ఇదే పని బూడిద రంగు కాటుకపిట్టతో మొదలుపెట్టవచ్చు. వికారాబాద్ వైపు గాని, ఆదిలాబాద్ కొండల్లో గాని, నల్లమలలో గాని ఒక వాగును ఎంచుకొని, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా నెలకొకసారి అదే దారిలో నడవండి. నీరు ఎక్కడి దాకా పారుతున్నదో, ఎక్కడ మడుగుగా ఆగిందో ఒక గుర్తు పెట్టుకోండి. పిట్ట కనబడని నెలలో కూడా వెళ్ళిన తేదీ, నడిచిన దూరం రాసి, సున్నా అని నమోదు చేయండి. పక్షుల జాబితాలను నమోదు చేసే ఈబర్డ్ వంటి ఆన్‌లైన్ వేదికలో, కనబడిన పక్షులన్నిటితో పూర్తి జాబితాగా పెడితే ఆ సున్నాకు కూడా విలువ ఉంటుంది. ఇక్కడ ఉన్నవారిలో వాగు ఎంచుకోదలచినవారు సభ ముగిశాక నా దగ్గరికి వస్తే, ఒకే వాగుకు ఇద్దరు వెళ్ళకుండా, ఏ వాగూ వదిలిపోకుండా ఇప్పుడే పంచుకుందాం.

నమస్కారం.